సోమవారం లోపు చేరాలి

ఇంటి ముందు గది, బట్టలు కుట్టేది అక్కడే. మధ్యాహ్నం. చేతిలో టేపుతో అత్త, గోడ పక్కన బేకరీ నుంచి భోజనానికి వచ్చిన కోడలు.

“చేతులు పైకెత్తు. ఇంకాస్త. ఊపిరి బిగబట్టకు, మామూలుగా ఉండు.”

“నేను వెళ్ళట్లేదని చెప్తుంటే కొలతలెందుకత్తయ్యా?”

“వెళ్ళకపోతే పోయావు. కొలతలు తీస్తే నీ సొమ్మేం పోయింది? ఇటు తిరుగు.”

“తిరగను.”

“సరే, నేనే నీ చుట్టూ తిరుగుతాను. వయసులో పెద్దదాన్ని, నాకు తప్పుతుందా. ఇదేమిటే, నడుము ఇంత చిక్కిపోయావు? పెళ్ళప్పుడు నీకు కుట్టిన జాకెట్లో ఇప్పుడు నువ్వూ, నీ పక్కన ఇంకొకత్తీ పట్టొచ్చు.”

“నవ్వించకండి. నాకు నవ్వు రావట్లేదు.”

“రాకపోతే మంచిదే. నవ్వితే టేపు జారుతుంది.”

“ఈ తెల్లబట్ట ఎప్పుడు తెచ్చారు?”

“మొన్న. నర్సింగ్ స్కూలు వాళ్ళు ఫోన్లో చెప్పారుగా, మోకాళ్ళ కిందికి రావాలి, రెండు జేబులుండాలి, చేతులు మోచెయ్యి దాటకూడదు అని. మూడు జతలకి సరిపడా చింపించుకొచ్చాను. ఉతికి ఆరేస్తే బిగిసిపోతుంది, అందుకని కాస్త వదులుగా కుడతాను.”

“నన్నొక మాట అడగాల్సింది.”

“అడిగితే ఏమనేదానివి?”

“వద్దనేదాన్ని.”

“అందుకే అడగలేదు.”

“అత్తయ్యా, నిజంగా చెప్తున్నా. మీ కళ్ళు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. పొద్దున్న లేస్తే సూదిలో దారం ఎక్కించేది నేను. నేను లేకపోతే ఎవరెక్కిస్తారు?”

“దారం ఎక్కించడానికి సన్నటి తీగొకటి అమ్ముతున్నారు. కొనుక్కుంటాను.”

“మోకాలు నొప్పి పుడితే?”

“పుడితే పుడుతుంది. నువ్వుంటే మాత్రం పుట్టడం మానిందా?”

“బేకరీలో ఏం చెప్పను? ఉన్నట్టుండి మానేస్తే ఓనరు ఊరుకుంటాడా?”

“నేను చెప్పేశాను.”

“ఎవరికి?”

“మీ ఓనరుకే. శనివారం నుంచి అమ్మాయి రాదు, ఇంకో మనిషిని చూసుకోమన్నాను.”

“మీరు వెళ్ళి చెప్పారా? బేకరీకి వెళ్ళి?”

“ఏం, నాకు దారి తెలీదా? ఆయన మొహం వేలాడేశాడు. మరి కేకుల మీద పేర్లెవరు రాస్తారమ్మా అన్నాడు. నీకూ చేతులున్నాయిగా నాయనా, రాసుకో అన్నాను. అదిగో, ఇప్పుడు నవ్వావు.”

“నవ్వలేదు.”

“సరేలే. భుజం నిటారుగా పెట్టు.”

“నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అక్కడ చేరేవాళ్ళంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు. వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని పుస్తకం తీస్తే ఎలా ఉంటుందో ఆలోచించారా?”

“మంచం మీదున్నవాడు నీళ్ళిమ్మని అడుగుతాడు కానీ, నర్సమ్మా నీ వయసెంత అని అడుగుతాడా?”

“ప్రతిదానికీ ఒక జవాబు తయారుగా పెట్టుకున్నారు.”

“నువ్వు ప్రతిదానికీ ఒక సాకు తయారుగా పెట్టుకున్నావు. నాకొకటి చెప్పు. దరఖాస్తు పెట్టింది ఎవరు?”

“నేనే.”

“ఇంటర్వ్యూకి బస్సెక్కి అంతదూరం వెళ్ళింది ఎవరు? నేను తోశానా?”

“లేదు.”

“సీటొచ్చింది, సోమవారం లోపు వచ్చి చేరమని ఫోనొస్తే, ఆ స్టూలు మీద కూర్చుండిపోయి చీకటి పడేదాకా లేవనిది ఎవరు?”

“అప్పుడు వేరు.”

“ఏం వేరు?”

“సీటు రాదనుకుని పెట్టాను దరఖాస్తు.”

“రాదనుకుని ఎవరైనా పెడతారా?”

“నేను పెట్టాను.”

“అక్కా, ఉన్నావా లోపల?”

“రా చెల్లీ. ఇల్లు నీది, అద్దెకున్నవాళ్ళం మేము, గుమ్మంలో నిలబడి అడుగుతావేం? నీ జాకెట్టుకి ఇంకా చేతులు అతకలేదు మరి, రేపిస్తాను.”

“జాకెట్టు కోసం రాలేదులే. ఓహో, నర్సమ్మకి యూనిఫామా? బావుంది, బావుంది. అమ్మాయ్, ఇకముందు నాకు బీపీ చూసేది నువ్వేనా?”

“ఇంకా ఏమీ తేలలేదు పిన్నీ.”

“తేలకపోవడమేమిటి? మీ అత్త వెనక గది ఆదివారానికల్లా ఖాళీ చేస్తానందిగా. నేను సున్నం వేసే మనిషిని కూడా పిలిచేశాను. బ్యాంకులో పనిచేసే ఆవిడ ఎవరో చూసి వెళ్ళింది, గాలీ వెలుతురూ ఉన్నాయని—”

“చెల్లీ, నువ్వు సాయంత్రం రా.”

“ఏం, ఈ పిల్లకి చెప్పలేదా?”

“సాయంత్రం రా అన్నానుగా.”

“నాకేం తెలుసక్కా. చెప్పే ఉంటావనుకున్నాను. వస్తాలే. వస్తానమ్మాయ్.”

“అత్తయ్యా, వెనక గది అంటే ఏ గది?”

“మనకి ఎన్ని గదులున్నాయేమిటి?”

“మా గది.”

“ఊ.”

“మా గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారు.”

“నేనొక్కదాన్నే ఉంటాను. ఈ గదీ, వంటిల్లూ చాలు నాకు. అద్దె కూడా కలిసొస్తుంది.”

“అద్దె కోసం మీరు ఇలాంటి పని చెయ్యరు. ఆ మాట నాతో చెప్పకండి.”

“సరే, అద్దె కోసం కాదు.”

“మరెందుకు?”

“ఆ టేపు కింద పడింది, అందుకో.”

“ఆయన సామానంతా అందులోనే ఉంది. ఆయన షర్టులు తలుపు వెనక తగిలించినవి తగిలించినట్టే ఉన్నాయి.”

“లేవు.”

“లేకపోవడమేమిటి?”

“ఇవాళ పొద్దున నువ్వు బేకరీకి వెళ్ళాక తీశాను. ఉతికి ఆరేశాను. పెరట్లో తాడు మీదున్నాయి.”

“ఉతికారా?”

“మాసిపోయి ఉన్నాయి.”

“మాసిపోయే ఉండాలత్తయ్యా అవి. ఎవరు ఉతకమన్నారు మిమ్మల్ని? ఆ నీలం షర్టు కాలరు—”

“తెలుసు.”

“తెలిసి ఉతికారా?”

“తెలుసు కాబట్టే ఉతికాను. నువ్వు రోజూ తలుపు చాటున నిలబడి దానిలో మొహం పెట్టుకోవడం నేను చూడలేదనుకున్నావా?”

“ఆయన పోయి ఏడాది నిండలేదు. మీరు వాసన కూడా మిగల్చలేదు. మీ కొడుకే కదా. ఎవరి కొడుకో కాదు కదా.”

“కాదు.”

“కంట తడి పెట్టలేదు మీరు. అందరూ అన్నారు, ఆవిడకి గుండె రాయి అని. నేను ఒప్పుకోలేదు. అందరితో పోట్లాడాను. ఆవిడ బయటికి చూపించదు, లోపల లోపల కుమిలిపోతుందని చెప్పాను.”

“చెప్పకుండా ఉండాల్సింది.”

“నన్ను వెళ్ళగొడుతున్నారా అత్తయ్యా?”

“అవును.”

“ఏమన్నారు?”

“విన్నావుగా. అవునన్నాను. శనివారం పొద్దున బస్సుకి రెండు సీట్లు చెప్పి ఉంచాను. నేనొచ్చి దింపుతాను.”

“నాకు వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదని మీకు తెలుసు. అమ్మ లేదు, నాన్న లేడు. అన్నీ తెలిసే.”

“చదువుకోడానికి పంపుతున్నాను.”

“వెళ్ళగొట్టడానికి మంచి పేరది.”

“నీకు అలా అనిపిస్తే అలాగే అనుకో. మెడ కొలత ఒక్కటీ మిగిలింది. తలెత్తు. ఏడుస్తూనే ఎత్తు, ఫరవాలేదు.”

శనివారం. బస్సులో పక్కపక్క సీట్లు. బయల్దేరి చాలాసేపయింది.

“కిటికీ మూసెయ్యనా?”

“మీ ఇష్టం.”

“గాలి మరీ కొడుతోందని.”

“మీ ఇష్టమన్నానుగా.”

“నువ్వు నాతో మాట్లాడవు, నాకేమో దారి తెలీదు. ఇంకా ఎంతదూరమో అదైనా చెప్పు.”

“పెద్ద నది ఒకటొస్తుంది. అది దాటితే సగం దూరం.”

“ఇంకా సగం కూడా రాలేదా? ఇంటర్వ్యూకి ఒక్కదానివే ఇంతదూరం ఎలా వచ్చావే?”

“వచ్చాను.”

“భయమెయ్యలేదా?”

“వాంతయింది. ముందు సీటాయన చెప్పుల మీద.”

“అయ్యో. మరి ఏమన్నాడు?”

“ఏమంటాడు, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు చివరిదాకా.”

“నాకు చెప్పనే లేదు.”

“మీరు అడగలేదు.”

“అడగలేదు. అక్కడ నిన్నేమడిగారో కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కిటికీ మూసేశాను, చెప్పు.”

“ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ప్రిన్సిపాల్ మేడం. ఏం పని చేస్తుంటావని అడిగింది. కేకుల మీద పేర్లు రాస్తానన్నాను.”

“నవ్వారా?”

“ఆవిడ పక్కనున్నాయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాపమంది. చాపాను. దించొద్దు, అలాగే ఉంచమంది. చెయ్యి చాపుకునే మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పాను.”

“వణికిందా?”

“లేదు. తర్వాత, మంచంలో ఉన్న మనిషికి ఎప్పుడైనా చాకిరీ చేశావా అనడిగింది.”

“చెప్పావా?”

“చెప్పాను. మా ఆయన లిఫ్టులు బాగుచేసేవారు, పనిచేస్తూ లిఫ్టు గోతిలో పడిపోయారు, వెన్ను విరిగింది, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నేనే చూసుకున్నాను, పుండ్లు పడకుండా పక్కకి తిప్పేదాన్ని అని. ఎలా తిప్పేదానివో చూపించమన్నారు. చూపించడానికి మనిషి కావాలి కదా. ఆ నవ్వినాయనే లేచి బల్ల మీద పడుకున్నాడు.”

“మగమనిషా? లావుగా ఉన్నాడా?”

“మీకదొకటి కావాలి. లావే. ఆయన్ని చూసి ముందు కంగారుపడ్డాను. తీరా చెయ్యి వేశాక అంతా దానంతటదే వచ్చేసింది. వార్డులో పెద్ద సిస్టర్ ఉండేదే, ఆవిడ నేర్పినట్టే. ఒక మోకాలు మడవాలి. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద. ముందు మనిషికి చెప్పాలి. చెప్పకుండా తిప్పకూడదు, భయపడతారు.”

“మన వాడికి స్పృహ లేనప్పుడు కూడా చెప్పేదానివా?”

“చెప్పేదాన్ని.”

“ఏమని?”

“ఏమండీ, కిటికీ వైపు తిప్పుతున్నానూ అని.”

“కిటికీ వైపే ఎందుకు?”

“రెండో వైపు ఉత్త గోడ.”

“ఊ.”

“మీరెప్పుడూ లోపలికి రాలేదు. వచ్చుంటే చూసేవారు. కిటికీలోంచి చెట్టు కొమ్మ కనిపించేది.”

“ఆ పెద్ద సిస్టరేనా నిన్ను నర్సుకి చదవమంది?”

“ఆవిడే. ఆయన పోయిన రోజున అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషిని అలా దుప్పటి కప్పి ఉంచి, నీకు మంచి చేతులున్నాయమ్మా, చదువుకో అంటుందేమిటీవిడ అనుకున్నాను. ఆవిడ మొహం కూడా చూడలేదు మళ్ళీ.”

“మరి ఇన్నాళ్ళకి దరఖాస్తెందుకు పెట్టావు?”

“కేకు వల్ల.”

“ఏ కేకు?”

“వద్దులెండి. ఆయన పేరెత్తితే మీరు లేచి వెళ్ళిపోతారు.”

“బస్సులోంచి ఎక్కడికి పోతాను? చెప్పు.”

“ఒకాయన వచ్చాడు బేకరీకి. కొడుకు పుట్టినరోజట. కేకు మీద పేరు రాయమన్నాడు. ఆయన పేరే.”

“మా వాడి పేరా?”

“ఊ. మీ వాడి పేరే. ఎలా రాయాలో కూడా చెప్పాడు పాపం. రెండో అక్షరానికి దీర్ఘం ఉండాలమ్మా, చాలామంది మర్చిపోతారు అన్నాడు. నాకు చెప్తున్నాడు.”

“రాశావా?”

“రాశాను. తప్పు పోకుండా రాశాను. కింద రెండు పువ్వులు కూడా వేశాను. పెట్టెలో పెట్టి, దారం కట్టి ఇచ్చాను. కిందకి వంచకండి, క్రీము అంటుకుంటుందని కూడా చెప్పాను. ఆయన వెళ్ళిపోయాక చూసుకున్నాను. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదత్తయ్యా. చెయ్యి వణకలేదు. నా మీద నాకే భయమేసింది.”

“ఎందుకు భయం?”

“ఏం మనిషిని నేను, ఆ పేరు అంత పొందిగ్గా ఎలా రాయగలిగానూ అని. గిన్నెలు కడిగే చోటికి వెళ్ళి, నీళ్ళు వదిలేసి ఏడ్చాను. ఏడుస్తున్నప్పుడు కూడా చేతులకేసి చూసుకున్నాను. అవి మాత్రం అలాగే ఉన్నాయి, ఏమీ జరగనట్టు. ఇలాంటి చేతులు కేకులకెందుకులే అనిపించింది. మర్నాడే దరఖాస్తు పెట్టాను.”

“ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాతో ఒక్క ముక్క చెప్పలేదు.”

“మీరు చెప్పనిస్తే కదా. ఆయన ఊసొస్తే చాలు, మిషను మీద కూర్చుని తొక్కడం మొదలెడతారు. బట్ట ఉన్నా లేకపోయినా.”

“అంత తపించి పెట్టినదానివి, తీరా సీటొచ్చాక వెళ్ళనని గోడకి అతుక్కుపోయావేం?”

“చెప్పానుగా. మీ కళ్ళు, మీ మోకాలు.”

“నా కళ్ళు దరఖాస్తు పెట్టినప్పుడూ ఇలాగే ఉన్నాయి.”

“అదిగో, నది వచ్చింది చూడండి. నీళ్ళు లేవు పాపం, ఇసకే.”

“నేనడిగింది నది గురించి కాదు.”

“మీరు గది ఎందుకు ఖాళీ చేశారో చెప్పండి, నేనూ చెప్తాను.”

“ఇసకే. నిజమే. ఒక్క చుక్క నీళ్ళు లేవు.”

అదే రోజు మధ్యాహ్నం. నర్సింగ్ స్కూలు హాస్టల్లో రెండు మంచాల గది, అందులో ముందే వచ్చి చేరిన ఒక పిల్ల.

“ఆంటీ, మీకు ఆ మంచం ఫరవాలేదా? నేను ముందొచ్చానని కిటికీ పక్కది తీసుకున్నాను. కావాలంటే మారతాను.”

“ఆంటీ కాదమ్మాయ్, అక్క. నీ క్లాసే.”

“అయ్యో, సారీ అక్కా. మీరు అక్క వాళ్ళమ్మగారా?”

“అత్తని.”

“అత్తగారా? అత్తగారు వచ్చి దింపుతున్నారా?”

“ఏం, దింపకూడదా?”

“అలా కాదండీ. మా అమ్మే రాలేదు నాతో. నాకేమో ఇంట్లోంచి బయటికి రావడం ఇదే మొదలు.”

“కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. ఎంతసేపు ఏడ్చావు?”

“ఎక్కువసేపు కాదండీ. మీరొచ్చేదాకా.”

“భోజనం చేశావా?”

“ఒక్కదాన్నే వెళ్ళాలంటే ఎలాగో ఉండి వెళ్ళలేదు.”

“అక్క వస్తుంది నీతో. నువ్వు ముందెళ్ళి చోటు పట్టు. ఇదిగో, నీ భుజం దగ్గర కుట్టు ఊడింది చూసుకున్నావా? సోమవారం ఇలాగే వెళ్తావా క్లాసుకి? విప్పి ఇచ్చెళ్ళు, వేసిస్తాను.”

“వద్దులెండి, రేపు అక్క వేస్తుంది. వేస్తారా అక్కా?”

“వేస్తాను. నువ్వెళ్ళు, నేనొస్తున్నా.”

“మంచి పిల్లే. పాపం పసిది. నీకు తోడు నువ్వు, దానికి తోడు నువ్వు. రెండు పనులు నీకు.”

“ఈ తలుపు గడియ చూశారా, సరిగా పడట్లేదు.”

“ఇలా ఎత్తి పట్టుకుని వెయ్యి. పడుతుంది. ఆ కనిపించేది ఆస్పత్రేనా?”

“వెనక వైపు. అవన్నీ ఆరేసిన దుప్పట్లు.”

“ఎన్ని దుప్పట్లే. అన్ని మంచాలున్నాయా లోపల?”

“ఇంకా ఎక్కువే ఉంటాయి.”

“సరే. పెట్టె మంచం కింద పెట్టేశాను. యూనిఫాంలు పైనే ఉన్నాయి, ముడత పడకుండా తీసి తగిలించుకో. బస్టాండుకి నువ్వు రానక్కర్లేదు. దారి గుర్తుంది నాకు. నేను బయల్దేరతాను.”

“సెలవులిస్తే ఎక్కడికి రమ్మంటారు?”

“అదేం ప్రశ్న?”

“గది లేదుగా నాకు. అందుకని అడుగుతున్నాను. ముందే తెలిస్తే మంచిది కదా.”

“నా పక్కన పడుకుంటావు. నీకు చోటు లేకపోతే నేను మిషను కింద పడుకుంటాను.”

“మరి వెళ్ళగొట్టడమెందుకు, పక్కన చోటివ్వడమెందుకు? నాకు మీరు అర్థం కారు. నాలుగు రోజుల్నుంచీ ఆలోచిస్తున్నాను, ఏం తప్పు చేశాను నేనని. ఏం చేశానో చెప్పి వెళ్ళండి. ఇక్కడ ఈ గడియ పడని గదిలో కూర్చుని రోజూ అదే ఆలోచించలేను.”

“నువ్వేం చెయ్యలేదు. బస్సుకి టైమవుతోంది.”

“ఇంకో బస్సుంది.”

“ఆ పిల్ల నీకోసం చోటు పట్టుకుని కూర్చుంటుంది.”

“కూర్చోనివ్వండి. మీరూ కూర్చోండి. ఇక్కడ మిషను లేదు మీరు తొక్కడానికి.”

“నీకు బాగా నోరొచ్చింది.”

“మీ దగ్గర నేర్చుకున్నదే.”

“ఏం చెప్పనే నీకు. వాడిని నేను చూడలేదు. ఆస్పత్రికొచ్చాను, వరండాలో కూర్చున్నాను, లోపలికి అడుగు పడలేదు. ఇవాళ వెళ్తాను, రేపు వెళ్తాను అనుకున్నాను. ఇంటికి తెచ్చినప్పుడు కూడా దుప్పటి తియ్యనివ్వలేదు ఎవర్నీ. ఆ రోజు పొద్దున పనికి వెళ్తూ, అమ్మా వెళ్ళొస్తా అన్నాడు కదా. నాకు అంతవరకే. వెళ్ళొస్తానన్నవాడు రావాలి కదా.”

“అత్తయ్యా.”

“ఉండు, చెప్పనీ. మళ్ళీ చెప్పలేను. సాయంత్రమయ్యేసరికి నువ్వు బేకరీ నుంచి వస్తావు. మొహం కడుక్కుంటావు. వంటింట్లో దీపం వేస్తావు. టీ పెడతావు. వాడున్నప్పుడు ఏ టైముకి చేసేదానివో ఆ టైముకే చేస్తావు. నువ్వలా ఇంట్లో తిరుగుతుంటే, ఇంక వాడూ వస్తాడనే ఉంటుంది నాకు. పెళ్ళాం ఇంట్లో ఎదురుచూస్తుంటే ఎక్కడికి పోతాడు? వాడు వచ్చేటప్పుడు పనిముట్ల సంచి గుమ్మం పక్కన దభీమని పడేసేవాడు కదా. ఎన్నిసార్లు తిట్టానో, నేల పగులుతుందిరా అని. ఆ చప్పుడు కోసం, రోజూ, ఆ టైముకి మిషను ఆపేసి కూర్చుంటాను.”

“అందుకా ఆపేది? నడుం నొప్పని చెప్పేవారు.”

“నడుం నొప్పి కూడా ఉంది.”

“ఇన్నాళ్ళూ?”

“ఇన్నాళ్ళూ. పిచ్చిదాన్ననుకో. అందుకే ఏడుపు రాలేదు నాకు. వచ్చేవాడి కోసం ఎవరైనా ఏడుస్తారా? ఇక నావల్ల కాలేదే. ఆ షర్టులు ఉతికాను, గది ఇచ్చేశాను, నిన్ను తీసుకొచ్చి ఇక్కడ వదులుతున్నాను. ఇవాళ వెళ్ళి తలుపు తీస్తే లోపల ఎవరూ ఉండరు. దీపం ఉండదు. టీ ఉండదు. వాడు రావడానికి కారణమే ఉండదు. అప్పుడు ఏడుస్తాను. కన్నతల్లిని, నేను ఏడవద్దా?”

“మరి ఈ మాట ముందే నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? నువ్వు కళ్ళ ముందుంటే నా కొడుకు చావట్లేదు, వెళ్ళిపో అననా? నీకసలు ఎలా అర్థమవుతుంది? నువ్వు లోపలున్నావు. చివరిదాకా చెయ్యి పట్టుకుని ఉన్నావు. కిటికీ వైపు తిప్పావు, దుప్పటి కప్పావు. వాడు లేడని నీకు ఆ రోజే తెలుసు. నాలా కాదు నువ్వు.”

“అత్తయ్యా, రోజూ మీరు మిషను ఆపిన టైముకి నేను వంటింట్లో ఏం చేసేదాన్నో తెలుసా?”

“ఏం చేసేదానివి? టీ పెట్టేదానివి.”

“మరుగుతున్నదాన్ని దించేసి, పొయ్యి కట్టేసేదాన్ని. పంపు కూడా కట్టేసేదాన్ని.”

“ఎందుకే?”

“ఆయన సంచి చప్పుడు నాకూ వినపడాలని.”